అద్దె ఇంట్లో ఓనరుతో నెగ్గుకురావడం ఎలా?

అద్దె ఇల్లు ఉండటానికేనని కొత్తవాళ్లు పొరబడుతుంటారు. ముందు ఆ భ్రమ వదిలించుకోండి. మీరు నెలనెలా డబ్బు కట్టి మరీ ఓనరుగారి గోడలకు కాపలా కాస్తున్నారు. ఈ సంగతి ఒంటబట్టిందా, సగం గొడవలు గేటు దాటి లోపలికి రావు.

అగ్రిమెంటు వీధి చివరి జిరాక్స్ షాపులో తయారవుతుంది. చదవకుండా సంతకం పెట్టండి. చదివితే రెండో పేజీలో మీ పేరుండాల్సిన చోట పాత కిరాయిదారు పేరు కనిపిస్తుంది, అనవసరంగా మనసు పాడవుతుంది. అందులో ‘నివాస నిమిత్తం మాత్రమే’ అని ఒక ముక్క ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కూడా దేనికోసం అద్దెకిచ్చారో దానికే వాడుకోమంటుంది. అయితే నివాసమంటే ఏమిటన్నది తేల్చేది మేడమీద ఉండే ఓనరాంటీ. మీ ఆవిడ నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబితే అది వ్యాపారం. నెలకు వెయ్యి పెంచడానికి ఒప్పుకుంటే ఆ ట్యూషనే సరస్వతీ కటాక్షం.

ఇక మేకు. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పెళ్లి ఫోటో తగిలించాలని మీరు సుత్తి ఎత్తిన క్షణంలో, అప్పటిదాకా టీవీ సీరియల్లో మునిగి ఉన్న ఓనరాంటీ మెట్లు దిగుతుంది. ‘ఏం బాబూ, గోడకేదో దింపుతున్నట్టున్నారు?’ ‘అబ్బే, కొబ్బరికాయ కొడుతున్నామాంటీ.’ ఇలా అనేటప్పుడు చేతిలో నిజంగానే కొబ్బరికాయ ఉంటే మంచిది. కాబట్టి కొత్త ఇంట్లో చేరినరోజే అరడజను తెచ్చిపెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఆ కన్నాల్లో తెల్లటి టూత్‌పేస్టు కూరి, వేలితో నున్నగా రాసి, ఆరేదాకా ఫ్యాను వేయండి. నీలం చారలున్న పేస్టు మాత్రం వాడకండి, అడ్వాన్సు పోతుంది. నిజానికి మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాదని ఆ పాత చట్టంలోనే ఉంది. మేకు కన్నం అరుగుదలో కాదో ఆంటీతో వాదించి తేల్చుకునే ధైర్యముంటే, మీకు ఈ వ్యాసంతో పనిలేదు.

తర్వాత చికెన్. సమంజసమైన వేళల్లో వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకునే హక్కు ఓనరుకు ఉంది. ఆదివారం పదకొండున్నరకు, కుక్కరు మూడో విజిల్ వేసేటప్పుడు, ఆ హక్కు బలంగా గుర్తుకొస్తుంది. కిటికీలు మూసి, రెండు అగరొత్తులు వెలిగించండి. చికెనూ అగరొత్తులూ కలిశాక వచ్చే వాసనకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు కనక అభ్యంతరం చెప్పడమూ కష్టమే. మరో దారి ఓనరుగారికి ఓ గిన్నె పంపడం. ‘మేం ఇంట్లో వండుకోం’ అంటూ తీసుకుంటారు.

చుట్టాలు వస్తే సూట్‌కేసులు రాత్రి పదిలోపు లోపలికి చేర్చండి, పది తర్వాత గేటుకు తాళం. ఎన్నాళ్లుంటారని అడిగితే ‘రేపు పొద్దున్నే బండి’ అనండి. ఏ రేపో చెప్పక్కర్లేదు. పోతే, మోటారు. సంపులో నీళ్లు అడుగంటితే కారణం ఎండాకాలమూ కాదు, ఎండిన బోరూ కాదు, మీ అత్తగారి స్నానం.

గొడవ ముదిరితే చట్టం మాట ఎత్తకండి, స్నేహం చెడుతుంది. అద్దె కట్టినవాడికి రసీదు అడిగే హక్కుందని, నీళ్లూ కరెంటూ ఆపి ఖాళీ చేయించడం కుదరదని తెలంగాణలోని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో రాసుంది. ఓనరు అద్దె పుచ్చుకోకపోతే బ్యాంకు పేరు చెప్పమని నోటీసివ్వాలి, చెప్పకపోతే మనియార్డరు చేయాలి, అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ దగ్గర కట్టాలి. ఇంత చక్కటి చట్టం కొత్త కట్టడాలకూ, పరిమితి దాటిన అద్దెలకూ వర్తించదు. అంటే దాదాపుగా మీ ఇంటికి తప్ప అన్నిటికీ వర్తిస్తుందనుకోండి. కాబట్టి రసీదు బదులు ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు దాచుకోండి, ఓనరుగారికి కనపడకుండా.

చివరగా ఖాళీ చేయడం. నోటీసిచ్చిన మర్నాడే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది, మీరు అన్నం తింటుండగా కొత్తవాళ్లు వంటింటి అల్మరాలు తెరిచి చూస్తుంటారు. మీ అడ్వాన్సులో పెయింటింగ్ కింద ఒక నెల అద్దె ఎలాగూ పోతుంది. మిగిలింది వచ్చేది వాళ్లిచ్చే అడ్వాన్సులోంచే. అందుకని ముద్ద మింగి, నవ్వుతూ చెప్పండి: ‘నీళ్లకు కరువే లేదండీ. ఓనర్లా? దేవుడిలాంటి మనుషులు. అసలు ఉన్నట్టే తెలీదు.’