గాలి ఎటు పోతది?

ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు బస్సు దిగేవాళ్లను చూడండి. టిఫిను డబ్బా ఊపుకుంటూ ఇంటిదారి పట్టేవాళ్లు మామూలు మనుషులు. ఆగి ఉన్న లారీ ముందు నిలబడి, జాలీ మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు మెయింటెనెన్స్ కాక. పాశమైలారం పారిశ్రామికవాడ చుట్టుపక్కల కాలనీకొక కాక ఖాయం.

ఫ్యాక్టరీలో కాక చూసేది జనరేటర్లు. అక్కడ ఇంజిన్ కింది గదిలో, రేడియేటర్ డాబా మీద, మధ్యలో పైపులు. అది చూసీ చూసీ, ఇంజిన్ ముందరే రేడియేటర్ ఉండాలన్నది ఉత్త మూఢనమ్మకమని తేల్చేశాడు. పాత అంబాసిడర్‌లో సుమో ఇంజిన్ దించాడు. ఇంజిన్ పట్టింది, రేడియేటర్‌కు చోటు మిగల్లేదు. కాక మొహం వెలిగిపోయింది. డిక్కీ ఉంది కదా!

కాలిన డీజిల్ వేడిలో దాదాపు మూడోవంతే పనికొస్తుంది. ఇంకో వాటా సైలెన్సర్ గుండా పోతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్ల నెత్తిన పడుతుంది. ఆ నీళ్లకు దారి చూపడమే కాక జన్మకారణం. దూరం ఎక్కువ కాబట్టి పైపు లావుండాలి. గాలి బుడగ ఇరుక్కుంటే నీళ్లు కదలవు కాబట్టి ట్యాంకు అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. పదిహేను పౌండ్ల ప్రెషర్ మూత బిగిస్తే నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. థర్మోస్టాట్ పీకి పారెయ్యమన్న మెకానిక్‌తో కాకకు ఇప్పటికీ మాటల్లేవు. బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుందట. అందుకే ఇంట్లో అందరికీ బోరు నీళ్లు, ఇంజిన్‌కు మాత్రం కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ.

డిక్కీలోకి గాలి రావడానికి వెనక మడ్‌గార్డులకు కన్నాలు కొట్టాడు. పోవడానికి నంబరు ప్లేటు కింద జాలీ పెట్టాడు. ‘‘గాలి వచ్చుడు గొప్ప కాదు, ఎటు పోతది? అది జెప్పు’’ అంటాడు. ఈ ప్రశ్న కార్లకే పరిమితం కాదు. ఫంక్షన్ హాల్లో అందరూ బిర్యానీ వైపు నడిస్తే, కాక కూలర్ వెనక్కి నడుస్తాడు.

కాకమ్మ ఓరోజు డిక్కీ తెరిచి చూసింది.

‘‘మా అమ్మగారింటికి పోతే సంచులు యాడ వెడ్తవ్?’’

‘‘ఒళ్ల వెట్టుకో.’’

‘‘నీళ్లేమో డిక్కీల కూసుంటయ్, నేను మూటలు మోస్కుంట కూసోవాల్నా?’’

కాక దగ్గర దీనికి లెక్క లేదు.

ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి కావాలి. దరఖాస్తు ఫైలు తయారుగానే ఉంది. కూలింగ్ పూర్తయ్యాకే ఇస్తాడట. అందాకా బండి షెడ్డు ప్రహరీ దాటదు.

మొన్న మే ఎండలో అరగంట ఇంజిన్ నడిపినా ముల్లు 85 దగ్గర నిలిచిపోయింది. చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు. తమ్ముడి కొడుకు ఫైలు చంకన పెట్టుకుని, ‘‘ఇగ ఆఫీసుకు పోదాం కాకా’’ అన్నాడు.

కాక వంగి, గోటితో మీటరు మీద రెండుసార్లు కొట్టాడు.

‘‘ఆగురా. గిట్ల సక్కగ ఉండదిది. మీటరే ఖరాబైనట్టున్నది, పానా తే!’’