కారున్న పేదరాలు

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక సర్కారీ సాఫ్ట్‌వేర్ ఉంది. శాఖలన్నిటి రికార్డులూ ఒకచోట చేర్చి ఎవరు పేదలో, ఎవరు కాదో తేలుస్తుంది. పేర్లు కాస్త కలిస్తే చాలు, ఎవరిదో కారు మీ ఖాతాలో పడుతుంది. కారైతే ఇంటికి రాదు గానీ, రేషన్ కార్డు మాత్రం పోతుంది! రాష్ట్రంలో రద్దయిన 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. గుమ్మం దాకా వెళ్లి చూడండి అని చెప్పడానికి ఢిల్లీ దాకా పోవాలన్నమాట.

యూరప్‌లో 2018 నుంచి ‘యంత్రం ఒక్కటే తేల్చేస్తే ఒప్పుకోను, మనిషి చూడాలి’ అనే హక్కు ఉంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో ఆ ముక్క వెతికినా దొరకదు. దొరికేది భద్రత, శాంతిభద్రతల పేరిట తన సంస్థలకు కేంద్రం ఇచ్చుకోగల మినహాయింపు. చట్టం మనకు, రక్షణ వారికి!

జనం అడిగేదేమైనా గొంతెమ్మ కోరికా? కంప్యూటర్ పేరు కొట్టేసే ముందు ఒక నోటీసు, ఒక కారణం, కింద ఒక అధికారి సంతకం. ఆ మూడూ చట్టంలో రాయండి సారూ.