హెల్పర్ పోస్టుకు అమరత్వం వర్తించదు

చిలుకూరు అనగానే హైదరాబాద్ వాళ్లకు వీసా బాలాజీ గుర్తొస్తాడు. 11 ప్రదక్షిణలు చేస్తే వీసా, వీసా వచ్చాక 108 చేస్తే లెక్క సరి. నేను చెప్పేది ఆ చిలుకూరు కాదు, సూర్యాపేట జిల్లాలో కోదాడ పక్కనున్న చిలుకూరు. ఇక్కడ దేవుడు ఆ శాఖ చూడడు కనుక ఏజెంట్లే దిక్కు. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో ఆంధ్ర మహాసభ జరిగిన ఊరిది. వెట్టిచాకిరీ మీద జనం తిరగబడటానికి దారి వేసిన సభల్లో అదొకటి. పాపం, ఆ పెద్దలు దొర గడీలో ఊరికే చేయించుకునే వెట్టినే చూశారు. ఎదురు లక్షలు కట్టి, విమానమెక్కి మరీ వెళ్లి చేరే వెట్టి ఒకటి వస్తుందని కలగనలేదు.

అమరులను గౌరవించడం మా జిల్లాకు ఒకరు నేర్పక్కర్లేదు. కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ ఆఫీసరై, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సేనకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చాడు. రాష్ట్రం 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. కేంద్రం మహావీర చక్ర ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది. అన్నీ ఇవ్వాల్సినవే, అందులో ఒక్క పైసా తగ్గించమని నేననను.

ఇంకో చావు సంగతి చూడండి. హైదరాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేసే మహమ్మద్ అస్ఫాన్‌కు ఏజెంట్లు రష్యాలో హెల్పర్ ఉద్యోగమన్నారు. యూట్యూబులో నవ్వుతూ చెప్పారు కూడా. నవ్వుతూ చెప్పేవాడి మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతాం? అక్కడికెళ్లాక రష్యన్ భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించి, చేతికి తుపాకీ ఇచ్చి, ఉక్రెయిన్ సరిహద్దుకు తోలారు. 2024 మార్చి 6న మాస్కోలోని మన రాయబార కార్యాలయం రెండు మూడు వాక్యాల్లో అతని మరణవార్త చెప్పింది. కోట్లూ చక్రాల విషయంలోనే కాదు, నిడివి విషయంలో కూడా పొదుపు పాటించారు.

దీన్నిబట్టి అమరత్వానికి అర్హతలేమిటో తమ్ముళ్లు అర్థం చేసుకోవాలి. యుద్ధంలో చావడం ఒక్కటే చాలదు. ఎవరి యూనిఫాంలో చచ్చావన్నది ముఖ్యం. నెల జీతం కోసం పోయినవాడు దేశం కోసం పోయినట్టు కాదు (సైన్యంలో ఎవరూ జీతం తీసుకోరన్నమాట!). అప్పు చేసి పోయినవాడైతే ఇంకా అనర్హుడు, ఎందుకంటే సంతాప సభలో అప్పులవాళ్లు ముందు వరుసలో కూర్చుంటారు.

చచ్చాక గౌరవించే విద్యలో అమెరికా మనకంటే ముందుంది. గ్వాటెమాలా నుంచి కాగితాల్లేకుండా వచ్చిన అనాథ హొసే గుటియెర్రెజ్ మెరైన్ అయ్యి, 2003 మార్చి 21న ఇరాక్‌లో చచ్చిపోయాడు. అతన్ని చంపింది సొంతవాళ్ల తూటాయేనని తర్వాత తేలింది. చచ్చిన కొద్ది రోజులకే పౌరసత్వం మంజూరు చేశారు. బతికుండగా దొరకనిది శవపేటికలోకి చేరవేశారు. ఇంతకంటే సులువైన పౌరసత్వ మార్గం మా ఏజెంట్లకు కూడా తెలియదు. పుతిన్ అయితే చచ్చేదాకా ఆగమనలేదు. ఒప్పందంపై సంతకం పెట్టిన విదేశీయులకు తొందరగా పౌరసత్వమిస్తామని 2024 జనవరిలోనే ఉత్తర్వు ఇచ్చాడు. చావుకు ముందే బోనస్!

అదే ఏడాది జూలైలో మన ప్రధాని మాస్కో వెళ్లారు. మనవాళ్లను వదిలిపెట్టమని అడిగారు, పెద్దాయన సరేనన్నాడు. ఆ పర్యటనలోనే ప్రధాని మెడలో రష్యా అత్యున్నత పురస్కారం పడింది. ఆ యుద్ధానికి పోయిన భారతీయుల్లో రష్యా పతకంతో క్షేమంగా తిరిగొచ్చింది ఆయనొక్కరేనేమో. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో తేలినవారు 126 మంది, తిరిగొచ్చినవారు 96, చనిపోయినవారు 12. మరో 16 మంది ఎక్కడున్నారో తెలియదని రష్యావాళ్లే చెప్పారట. తోలుకుపోయినవాడే తప్పిపోయారంటే ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

ఇక మన సంగతి. డాలస్‌లో కొడుకున్న ఇంటికి వీధిలో మర్యాద వేరు, మస్కట్‌లో కొడుకున్న ఇంటికి వేరు, మాస్కోలో పోయిన కొడుకున్న ఇంటికి మర్యాద బదులు ప్రశ్నలు. 'ఎందుకు పోయాడమ్మా, ఇక్కడ పని దొరకదా?' అని అడిగేది, మొన్నటిదాకా 'మీవాడింకా ఇక్కడే ఉన్నాడా?' అని అడిగిన నోరే. సంతోష్‌బాబు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి మనకు వేలు నొప్పి పుట్టదు. అస్ఫాన్ ఫొటో పెట్టాలంటే మాత్రం ముందు అతని పేరు చూస్తాం, తర్వాత యూనిఫాం చూస్తాం, ఆ తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుంటాం.

సరే, ఎవరికో దయ పుట్టి అతనికీ ఒక విగ్రహం పెడదామన్నారనుకోండి. రక్షణ శాఖ వాళ్లు మా సైనికుడు కాదంటారు, నిజమే. విదేశాంగం వాళ్లు ముందే హెచ్చరించాం కదా అంటారు. వలసలు చూసే ఆఫీసు వాళ్లు, అనుమతి తప్పనిసరైన 18 దేశాల జాబితా తీసి చూపించి, ఇందులో రష్యా ఎక్కడుందో మీరే వెతకండంటారు. ఏజెంటు మాత్రం వెంటనే ఫోన్ ఎత్తుతాడు. విగ్రహం గురించి కాదు, జర్మనీకి బ్యాచ్ రెడీ అవుతోందని చెప్పడానికి.