జిట్టంగి సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం:

అందరికీ శుభోదయం. కేబీఆర్ పార్కులో జిట్టంగి దిగింది. తోక ఊపింది. ఫోన్ తీసేలోపు పోయింది.

అవతారిక:

భాద్రపదం సగానికి వచ్చేసరికి హైదరాబాదు ఉదయపు నడక బృందాల వాట్సాప్‌లో కొత్త వాఙ్మయం పుడుతుంది. అంతవరకు మోకాళ్ల నొప్పులూ మెంతుల మహిమా పంచుకున్న సభ్యులు ఉన్నట్టుండి పిట్టల మీద పడతారు. పై సందేశం ఆ కోవలోది. కర్త మితభాషి. అందువల్లనే వ్యాఖ్య అవసరమైంది.

ప్రతిపదార్థం:

అందరికీ = గ్రూపునందలి సభ్యులెల్లరకును, చదువకయే బొటనవ్రేలు చూపువారికిని; శుభోదయం = మంచి ఉదయము (అగుగాక అని శేషము); కేబీఆర్ పార్కులో = 1998లో జాతీయ ఉద్యానముగా ప్రకటింపబడియు నేటికిని పార్కనియే పిలువబడు కాసు బ్రహ్మానందరెడ్డి వనమునందు; జిట్టంగి = కాటుకపిట్ట, ఖంజనమను పక్షి; దిగింది = ఉత్తర దిక్కునుండి వచ్చి వాలెను; తోక = తన నిడివిలో ఇంచుమించు సగమైన దానిని; ఊపింది = ఊపెను; ఫోన్ తీసేలోపు = జేబునుండి వెలికి దీసి, చెమట వ్రేలిముద్రను యంత్రము గుర్తింపక, పిన్ను కొట్టునంతలో; పోయింది = ఎగిరిపోయెను.

అన్వయ క్లేశం:

'పోయింది' అనే క్రియకు కర్త ఎవరు? దగ్గరగా ఉన్నది ఫోను గనుక అదే పోయిందనుకొని ఒక సభ్యుడు "అయ్యో, కంప్లైంట్ ఇచ్చారా సార్?" అని అడిగాడు. కూడదు. పై రెండు వాక్యాల్లోని జిట్టంగినే ఇక్కడికీ తెచ్చుకోవాలి.

శంక: ఇది ఏ జిట్టంగి? కర్త చెప్పలేదు. నలుపు తెలుపుల్లో, తెల్లటి కనుబొమతో ఉండే జిట్టంగి ఏడాది పొడుగునా మన చెరువు గట్ల మీదే కాపురం చేస్తుంది. అదే కావచ్చు కదా అని పూర్వపక్షం.

సమాధానం: కాదు. ఇంట్లో ఉన్నవాణ్ని 'ఊళ్లో దిగాడు' అనం. 'దిగింది' అన్నాడు గనుక వలస పిట్టే. అందులోనూ తెల్ల జిట్టంగి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో ముందుగా దర్శనమిచ్చేది బూడిద జిట్టంగి. పేరు బూడిద, పొట్ట పసుపు. వీపు చూసినవాడు ఒక పేరు, పొట్ట చూసినవాడు ఇంకో పేరు పెట్టి వాదులాడుకోవడం ప్రతి ఏటా ఉన్నదే.

అయినా ఒక సందేహం మిగిలింది. తోక ఎటు ఊపింది? బూడిద జిట్టంగి పైకీ కిందికీ ఊపుతుంది. అడవి జిట్టంగి అని ఒకటుంది. అదీ దక్షిణాదికి చలికాలపు అతిథే, చెట్ల నీడన తిరిగేదే. అది మాత్రం ఒళ్లంతా కలిపి కుడికీ ఎడమకీ ఊపుతుంది. ఈ ఒక్క మాట చేర్చి ఉంటే వ్యాఖ్యాతకు పని తగ్గేది. ఫొటో లేకపోవడం కంటే ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం. ఫొటోలో ఎలాగూ తోక ఊగదు.

అసలు ఎందుకు ఊపుతుంది? పురుగుల్ని లేపడానికని ఒక మతం. 'నిన్ను చూశాలే, నీ వేట సాగదు' అని డేగకు తెలపడానికని మరో మతం. తోటమాలి గొట్టం వదిలేసిన చోట నిలబడి చూస్తే రెండూ నమ్మబుద్ధవుతాయి. గెంతదు, నడుస్తుంది. తడి గడ్డి అంచున నాలుగడుగులు చకచకా వేసి, ఈగను పట్టి, ఆగుతుంది. ఆగినా తోక ఆగదు. తోక లేచినప్పుడల్లా కింద పసుపు తళుక్కుమంటుంది. అడుగు చప్పుడైతే 'చిజిక్' మని, గాలిలో పడుతూ లేస్తూ పోతుంది.

దేశ నిర్ణయం:

'ఉత్తర దిక్కునుండి' అన్నాం. గ్రూపులో వెంటనే 'సైబీరియా' అన్నారు. మన పత్రికల పుణ్యమా అని తెలుగునాట వాలే ప్రతి పిట్టకూ సైబీరియా నివాస ధ్రువపత్రం ఉంది. బూడిద జిట్టంగి హిమాలయాల్లోనూ గూడు కడుతుంది, ఆవల మధ్య ఆసియాలోనూ సైబీరియాలోనూ కడుతుంది. కేబీఆర్‌లో దిగినది కాశ్మీరు వాగు ఒడ్డు నుంచి వచ్చి ఉండవచ్చు. పద్దెనిమిది గ్రాముల ప్రాణికి అదేమీ చిన్న దూరం కాదు.

శాస్త్ర ప్రమాణం:

పిట్ట కనిపించిందని పదిమందికీ చాటడం నడక మిత్రులు కనిపెట్టిన వింత కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఖంజన దర్శనానికే ఒక అధ్యాయం కేటాయించాడు. తామర మీదో, ఆవు మీదో, ఏనుగు మీదో కనిపిస్తే రాజ్యం. శుభ్రమైన పచ్చిక మీదైతే క్షేమం. బూడిద, ఎముకల మీదైతే దుఃఖం. ఈ లెక్కన పార్కు లాన్ మీద చూసిన మన కర్త క్షేమమే. ఆ పిట్ట జతకట్టిన చోట నిధి ఉంటుందనీ, అనుమానముంటే నేల తవ్వి చూసుకోవచ్చనీ కూడా ఆయనే రాశాడు. మన వీధుల్లో తవ్వకాలకు మూలం ఇదే కావచ్చు. కానీ బూడిద జిట్టంగి ఇక్కడ జతకట్టదు. నిధి ఆశ ఉన్నవారు పార హిమాలయాలకు మోసుకుపోవాలి.

దసరానాడు తెలంగాణ పల్లెల్లో పాలపిట్టను వెతుక్కునేదీ ఈ బుద్ధితోనే. దాన్ని పట్టి పంజరంలో పెట్టి, పది రూపాయలకు దర్శనం చేయించేవాళ్లున్నారు. అది శాస్త్రం కాదు, నేరం.

అలంకారం:

'తోక ఊపింది' అన్నది స్వభావోక్తి. చేతిలో కెమెరా ఫోను అనే కారణముండీ ఫొటో అనే కార్యం పుట్టలేదు గనుక చివరి వాక్యంలో విశేషోక్తి. ఫొటో లేకపోయినా కింద చప్పట్లూ నమస్కారాలూ వరసగా పడ్డాయి. కారణం లేకుండా కార్యం పుట్టింది గనుక అది విభావన. ఈ రెంటినీ ఒకే సందేశం చుట్టూ సాధించడం పూర్వకవులకు కూడా అంత సులభం కాదు.

తాత్పర్యం: జిట్టంగి వచ్చింది.

మనవి:

చదువరులారా, పిట్ట కనిపించగానే చెయ్యి జేబులోకి పోనివ్వకండి. పొట్ట రంగు చూడండి, కనుబొమ చూడండి, తోక నిలువునా అడ్డంగానా చూడండి. ఆ తర్వాత తేదీ, చోటు వేసి, పిట్టల లెక్కలు నమోదు చేసే సైటైన ఈ-బర్డ్‌లో రాయండి. అక్కడ మామూలు పిట్టలకు ఫొటో అడగరు. బూడిద జిట్టంగి ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటుంది.