గొడ్ల పాకలో గర్భ సంస్కారం

పామూరులో నెల తప్పిన అమ్మాయి ఫోను తెరిస్తే చాలు, గర్భ సంస్కారం ప్రకటనలు వరస కడతాయి. పొద్దున్నే ఫలానా శ్లోకం వింటే బిడ్డ జన్యువులే మారిపోయి, రోగనిరోధక శక్తి పొంగిపొర్లుతుందట. అభిమన్యుడు వీళ్ల పూర్వ విద్యార్థి. కోర్సు సగంలో ఆగిపోయి ఏమయ్యాడో మాత్రం ప్రకటనలో ఉండదు. 2023 జూన్‌లో గర్భ సంస్కారం పేరిట ఒక కార్యక్రమాన్ని అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. ఆమె ప్రసూతి వైద్యురాలు కూడా. మనబోటివాళ్లం నోరెత్తకూడదు.

తల్లి ప్రభావం బిడ్డ రక్తకణాల మీద పడే మాట అబద్ధమేం కాదు. ఐరోపా పల్లెల్లో బడిపిల్లల్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2006లో ఒక సంగతి బయటపెట్టారు. కడుపుతో ఉండగా పశువుల కొట్టంలో పనిచేసిన తల్లుల పిల్లల్లో, సూక్ష్మజీవుల్ని పసిగట్టే టీఎల్‌ఆర్-2, టీఎల్‌ఆర్-4, సీడీ-14 జన్యువులు ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. తల్లి మసిలిన పశువుల రకాలు పెరిగేకొద్దీ ఆ చురుకూ పెరిగింది. తర్వాత బొడ్డుతాడు రక్తంలోనూ ఇలాంటి తేడాలే దొరికాయి. ఆ లెక్కన బర్రె, మేక, కోడి మూడూ ఉన్న దొడ్లో పేడకళ్లెత్తే మా వైపు కోడలు ఎప్పుడో ఫస్టు క్లాసులో ప్యాసైంది. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లే లేరు, పేడకు రాగం లేదు గదా! (తొమ్మిదో నెలలోనూ పేడ ఎత్తించే అత్తలు దీన్ని కత్తిరించి దాచుకోవద్దు.)

ఆ కోడలింట్లోనే ఆశా కార్యకర్త ఇచ్చిపోయిన ఐరన్ మాత్రల అట్ట దేవుడి పటం వెనక పడుంటుంది, రెండు గుంటలు మాత్రమే ఖాళీ. "అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాడమ్మాయ్" అని అత్తగారి తీర్పు. కుంకుమపువ్వు డబ్బీ మాత్రం అరలో ముందు వరసలో ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువవాళ్లే. శ్లోకానికి ఎన్ని మిల్లీగ్రాముల ఐరనో ప్రకటనదారులు సెలవివ్వాలి.

ఇక రోగనిరోధక శక్తి మాటకొస్తే, తల్లికి వేసిన ధనుర్వాతం సూదితో పుట్టే యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. ఆ సూది, శుభ్రమైన కాన్పు కలిసి 2015 నాటికి దేశంలో పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలన స్థాయికి దించాయి. సూది గుచ్చిన ఏఎన్‌ఎమ్ కూనిరాగం కూడా తీయలేదు.

గర్భ సంస్కారంలో మాత్రం గొప్ప సౌకర్యం ఒకటుంది. బిడ్డకు జబ్బు చేస్తే "నువ్వు శ్రద్ధగా విన్లేదు" అని తల్లిని నిలదీయొచ్చు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఎవర్నీ అడగక్కర్లేదు. తండ్రికైతే సిలబసే లేదు. బంకు దగ్గర బీడీ కాలుస్తూ, పుట్టేది మగపిల్లాడేనని పందెం కాస్తుంటాడు.