ఆల్టో కావాలని వచ్చి నన్ను కొన్నాడు

నేను టెనర్ శాక్సఫోన్‌ని. ఒళ్ళంతా ఇత్తడే అయినా ట్రంపెట్‌తో నాకు చుట్టరికం లేదు. మూతి దగ్గర రెల్లు బద్ద, అదే రీడు, వణికితేనే నాకు గొంతు. కాబట్టి నాది క్లారినెట్ వర్గం. మా మూలపురుషుడు అడాల్ఫ్ సాక్స్ బెల్జియం దేశస్థుడు. 1846లో పారిస్‌లో మాకు పేటెంటు తెచ్చాడు. నా మటుకు నేను మీరట్ బ్యాండు సామాన్ల బజారు నుంచి రైల్లో ఖమ్మం వచ్చి, పెళ్ళి ఊరేగింపుల్లో అరిగి, చివరికి ఓ మూల పడ్డాను.

అప్పుడొచ్చాడు దుమ్ముగూడెం వైపు కోయ కుర్రాడు. క్లారినెట్ వాయిస్తాడు. సెల్‌ఫోన్‌లో కద్రి గోపాల్‌నాథ్‌ని విని విని, ఆయన వాయించిన ఆల్టో శాక్సఫోనే కావాలని పట్టు. వెంట వచ్చిన బ్యాండు మాస్టారు నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆల్టో ఈ ఫ్లాట్‌రా. నీ క్లారినెట్టూ ఇదీ బి ఫ్లాటే. నోట్సు మార్చి రాసుకునే పనుండదు. పైగా మన మేళంలో కింది గొంతు లేదు."

మాస్టారు గదిలో లైటు తీసేసి నా గొట్టంలోకి చిన్న బల్బు దించాడు. మూసిన మెత్తల అంచుల్లోంచి వెలుగు వస్తే అక్కడ గాలి పోతోందని అర్థం. చాలాచోట్ల మెరిశాను. బేరం సులువైంది.

ఒకే శ్రుతి కదా అని కుర్రాడు నన్ను తేలిగ్గా తీసుకున్నాడు. క్లారినెట్‌లో పైస్థాయి మీట నొక్కితే స్వరం పన్నెండో మెట్టుకు ఎగురుతుంది. దాని గొట్టం దాదాపు ఒకే లావు. నాది కిందికి పోనుపోను వెడల్పయ్యే గొట్టం. నా మీట నొక్కితే అదే వేళ్ళకు అదే స్వరం, ఒక స్థాయి పైన. పాత లెక్కతో వేళ్ళు పెడితే ఏ పాటా పాటలా ఉండదు. పెదవులు బిగించాడో, కీచుమన్నాను. కింది స్వరాలకు మాత్రం పొట్టలోంచి గాలి కావాలి. ఇంట్లో వాళ్ళు వెళ్ళగొడితే జామాయిల్ తోటలో కూర్చుని ఒక్కో స్వరాన్నీ ఊపిరి అయ్యేదాకా పట్టి ఉంచేవాడు. నా మెత్తలు మార్పించింది కూడా ఆ రోజుల్లోనే.

సరళీ స్వరాలు గట్టెక్కాయి. గమకం దగ్గర ఇద్దరం ఆగిపోయాం. నాదస్వరంలోనైతే వేలు రంధ్రం మీద కొంచెం జరపొచ్చు. నాకున్నవి మూతలు, తెరవడం, మూయడం, అంతే. కింది పెదవి వదులు చేసి స్వరాన్ని జార్చడం వాడికి పట్టుబడేసరికి వానాకాలం వచ్చింది. గోదావరి గాలికి తోలు మెత్తలు చెమ్మగిల్లాయి. జి షార్ప్ మెత్తయితే అంటుకుపోయి తెరుచుకోనంది. పలచని కాగితం పెట్టి నొక్కి తడి తీయాల్సి వచ్చింది. వాడు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

వాడి మేనమామ డోలి అనే డోలు వాయిస్తాడు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది డోలి పట్టుకుని కోయ వీరుల కథలు పాడినందుకేనని ఆ ఇంట్లో తరచూ చెప్పుకుంటారు. ఒక సాయంత్రం మామ డోలికి తోడుగా కుర్రాడు నన్ను ఊదాడు. వరస బాగానే మొదలై, మధ్యలో వీడికి ఊపిరి అందక తెగింది.

"అల్లుడూ, నీకు ఆయాసం వస్తే డోలి ఆగదు," అన్నాడు మామ, చేయి ఆపకుండానే.

ఇప్పుడు ఆ వరసలో ఎక్కడెక్కడ గాలి పీల్చాలో నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటున్నాడు. మామ ప్రతిసారీ ఒక దెబ్బ అదనంగా కలుపుతాడు. గీతలు మళ్ళీ చెరపాలి.