సంచీవని: ఒక బియ్యప్పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

బియ్యమాపిరనుచు విన్నంతనే లేచి
కారు నిండ మూట గట్టి తెచ్చి
వెలలు పెరుగుననుచు వీధి గరాజులో
పురుగు పట్టుదాక పొంచియుండె

అవతారిక. ఈ ఆటవెలది క్వేకర్స్ హిల్‌లో పుట్టింది. సిడ్నీకి పడమర, బ్లాక్‌టౌన్ కౌన్సిల్ కింద, రిచ్‌మండ్ వెళ్ళే రైలు దారిలో ఉన్న ఊరది. కవి ఎవరో తెలియదు. తన గరాజు గురించే రాసుకుని పేరు దాచుకున్నాడని వ్యాఖ్యాత అనుమానం. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు 'సంజీవని' రాస్తూ, మూలం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్య పేరు 'సంచీవని'. మొదటి ఒట్టు వరకైతే నేనూ పెట్టుకోగలను.

బియ్యమాపిరి: ఆపినది ఢిల్లీ. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో చిల్లర ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని కారణం చెప్పింది. ప్రపంచంలో దేశాల మధ్య చేతులు మారే బియ్యంలో దాదాపు 40 శాతం ఇండియాదే కాబట్టి ఆ ఒక్క క్రియాపదం చాలా వంటిళ్ళకు తగిలింది. బాస్మతి వచ్చేదే, కానీ తెలుగువాడికి బాస్మతి బిర్యానీ సరుకు. ఆస్ట్రేలియా కూడా బియ్యం పండిస్తుంది. రివరీనాలో ఎక్కువగా పండే ఆ మధ్యరకం గింజ వండితే ముద్దగా అతుక్కుంటుంది. దాంతో పప్పన్నం కలపబోయినవాడికి ఈ పద్యంలోని ఆందోళన వేరే చెప్పనక్కర్లేదు.

అనుచు: ఈ చిన్నమాట మీదే పద్యమంతా నిలబడింది. నాయకుడు ఉత్తర్వు చదవలేదు, విన్నాడు. విన్నదైనా పూర్తిగా కాదు, అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో జనం బస్తాల మీద పడుతున్న వీడియో చూశాడు. తర్కశాస్త్రంలో కొండ మీద పొగ కనిపిస్తే ఆ కొండ మీదే నిప్పుందని ఊహించాలి. ఇక్కడ పొగ టెక్సస్‌లో, నిప్పు క్వేకర్స్ హిల్‌లో. పేరులో హిల్ ఉండటం తప్ప ఈ అనుమానానికి ఇంకే ఆధారమూ లేదు.

విన్నంతనే లేచి: ఎక్కడి నుంచి? మంచం మీది నుంచి. సిడ్నీ శీతాకాలంలో ఢిల్లీ కన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది, ఢిల్లీ సాయంత్రం వార్త ఇక్కడివాళ్ళకు దుప్పట్లోకి వస్తుంది. పూర్వవాసన కూడా ఒకటుంది. 2020 మార్చిలో ఈ దేశం టాయిలెట్ పేపర్ కోసం దుకాణాల్లో కుమ్ములాడుకుంది. చల్లోరా వూల్‌వర్త్స్‌లో జరిగిన కొట్లాట పోలీసు కేసు దాకా వెళ్ళింది. డార్విన్‌లోని ఎన్‌టీ న్యూస్ పత్రిక ఎనిమిది ఖాళీ పేజీలు విడిగా అచ్చేసి, చించుకుని వాడుకోండంది. ప్రధాని స్కాట్ మోరిసన్ టీవీలో నిలబడి, దాచుకోవడం ఆపండని గద్దించాడు. ఇంట్లో చెంబున్న మనవాళ్ళు అప్పుడు హాయిగా నవ్వుకున్నారు. మూడేళ్ళకు సోనా మసూరి వంతు వచ్చింది.

కారు నిండ మూట గట్టి: మిల్లులోనే కుట్టేసి వచ్చిన సంచికి మళ్ళీ మూట కట్టడమేమిటని శంక. 'కా'కు 'గ' యతి కుదరాలని కట్టాడంటారు కొందరు. అది కవిని తక్కువ చేయడం. ముందు సీట్లో ఇరవై కిలోల సంచి పెడితే, మనిషి కూర్చున్నాడనుకుని కారు ఆగకుండా కూత పెడుతుంది. నాయకుడు సంచికి బెల్టు కట్టాడు. 'గట్టి' సార్థకం. 'మూట' అని ఏకవచనం వాడినందుకు కంగారు పడనక్కర్లేదు, జాతిని బట్టి అలా అనవచ్చు. గరాజు తలుపెత్తి చూసిన ఇల్లాలు మాత్రం బహువచనమే వాడింది: "ఏవండీ, ఇన్ని బస్తాలా? పెళ్ళెవరికి?"

వెలలు పెరుగుననుచు: 'అనుచు' రెండోసారి వచ్చింది, పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటిది ఊరు అన్నమాట, రెండోది తనలో తాను అనుకున్నది. ఇంటికి రెండు నెలలకు సరిపడా తెచ్చుకునేవాడు గృహస్థు. ఈ రెండో 'అనుచు' దగ్గర గృహస్థు మదుపరి అయ్యాడు. అతని లెక్క తప్పు కాదని కూడా ఒప్పుకోవాలి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ బియ్యం ధరల సూచీ ఆ ఆగస్టులో పదిహేనేళ్ళ గరిష్ఠానికి చేరింది. షేర్ మార్కెట్‌లో ఇంత కచ్చితంగా చెప్పగలిగినవాణ్ణి జనం గురువంటారు.

చిక్కు అమ్మకంలో వచ్చింది. ధర పెరిగింది, కొనేదెవరు? పక్కింటివాళ్ళ గరాజులో ఇవే బస్తాలు. ఎదురింటి తమ్ముడు వాళ్ళ బావగారితో కలిసి ఇంకో రెండెక్కువే తెచ్చాడు. ఆదివారం భోజనానికి పిలిచి, చేయి కడుక్కోగానే "అన్నా, బస్తాకి ఎనిమిది డాలర్లు ఎక్కువైతే ఇస్తా" అనగల నోరు మనవాళ్ళకు లేదు. బంగారం అమ్ముకున్నవాణ్ణి చూసి అయ్యో అంటాం. తిండిగింజల మీద బంధువు దగ్గర లాభం తీసినవాడి గురించి ఏమంటామో ఇక్కడ రాయను. కాబట్టి ఈ పెట్టుబడికి లోపలికి పోయే దారే ఉంది. బయటపడే దారంటూ ఉంటే అది నోటిలోంచే.

నాయకుడి పక్షాన శాస్త్రం లేకపోలేదు. పాత బియ్యం. కొత్తబియ్యం ముద్దవుతుంది, ఆరు నెలలో ఏడాదో మాగితే పొడిపొడిగా వస్తుంది, కృష్ణా గుంటూరు మిల్లుల్లో దాచిన కాలానికే ధర కలుస్తుంది. ఊరకే పడి ఉంటే విలువ పెరిగే సరుకు ఏదంటే మనకు తాతల నాటి నుంచీ తెలిసిందిదే. అయితే తాతలు దాచింది ధాన్యం. గాదెలోనో పాతరలోనో పొట్టుతో పోశారు, కావలసినప్పుడు దంచుకున్నారు. పొట్టు ధాన్యానికి కవచం. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యానికి ఆ కవచం ఉండదు. నాయకుడు పాతర నీతిని తెచ్చి ప్లాస్టిక్ సంచికి అన్వయించాడు.

పాఠాంతరం. అమెరికా ప్రతుల్లో మొదటి పాదం 'గుండ్లు లేవటంచు విన్నంతనే లేచి' అని ఉంది. అక్కడ తుపాకీ గుండ్లు దాచి అమ్ముకోవడం పెట్టుబడి. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో కాల్పుల తర్వాత ఆంక్షలొస్తాయన్న భయంతో ఎగబడి కొన్నారు. చవకరకం .22 గుండ్లు కూడా ఏళ్ళ తరబడి అరల్లో సరిగా నిలవలేదు. 2020లో మళ్ళీ అదే కథ. ఈ పాఠాన్ని మూడు కారణాల వల్ల తోసిపుచ్చుతున్నాను. 'గు'కు 'వి' యతి చెల్లదు. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక వచ్చిన చట్టాల ప్రకారం, న్యూ సౌత్ వేల్స్‌లో తగిన లైసెన్సో పర్మిట్టో లేనివాడు గుండ్లు దగ్గర ఉంచుకోవడమే నేరం. అది వీధి గరాజులో పెట్టే సరుకు కాదు. మూడోది ముఖ్యం: పొడిచోట పెట్టిన గుండ్లు దశాబ్దాలు నిలుస్తాయి, వాటికి పురుగు పట్టదు. నాలుగో పాదం మొత్తం వృథా అవుతుంది.

వీధి గరాజు: వీధి అరుగు వంటిది. ఇక్కడి ఇళ్ళకు గరాజు ముందువైపే ఉంటుంది, రేకు తలుపు ఎత్తితే సంపదంతా వీధికి కనిపిస్తుంది. కారు పెట్టడానికి కట్టారంటారు గానీ ఈ పద్యంలో కారు బయట ఎండలో ఉంది. ఆ ఎండా తక్కువది కాదు. 2020 జనవరి 4న దగ్గరలోని పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. గరాజుకు ఏసీ ఉండదు.

తాత్పర్యము: ఎగుమతి ఆగెనని విన్న ఒకానొక గృహస్థు, ధర పెరుగునని తలచి, తిన్నను తరగనంత బియ్యమును దాచి, 2024 సెప్టెంబరు 28న ఆ నిషేధము తొలగి దుకాణమున కొత్త సంచులు దిగుచుండగా, ఇంటిల్లిపాదికీ పాత సంచులనే వండించుచుండెనని భావము. ఇంట ఇడ్లీ, దోసె, పులిహోర, పరమాన్నము ఎడతెగక జరిగెనని ధ్వని.

పురుగు: ముక్కుపురుగు. తల్లి గింజకు సన్నని రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. బయటి కంటికి గింజ నిండుగానే ఉంటుంది. వెచ్చగా ఉంటే నెలరోజుల్లో పిల్ల పెద్దదై బయటికొస్తుంది. మన మందు వేపాకు, ఎండుమిరప. వేపాకు ఇండియా నుంచి తెద్దామంటే ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీవాళ్ళు ఊరుకోరు. సంచిని కొన్ని రోజులు ఫ్రీజరులో పెడితే గుడ్లు చస్తాయి. అన్ని సంచులకు సరిపోయే ఫ్రీజరు కొంటే మదుపు లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకోవాలి.

పొంచియుండె: ఎవరు? పద్యంలో కర్త లేడు. గృహస్థని మనం అధ్యాహారం చేసుకున్నాం. పురుగే కర్త అనే పక్షం ఒకటుంది. లేచి, తెచ్చి అన్న క్రియలకూ దీనికీ కర్త ఒకటే కావాలి, పురుగు కారు నడపదు కదా అని ఆ పక్షాన్ని పండితులు కొట్టేస్తారు. నాకు మాత్రం అంత తేలిగ్గా కొట్టేయబుద్ధి కాదు. గుడ్డు మిల్లులోనే సంచిలో కూర్చుంది, ఓడెక్కింది, ముందు సీట్లో బెల్టు కట్టించుకుని గరాజుకు చేరింది. ధర గురించి ఏమీ వినలేదు. ఆ గరాజులో పెట్టిన పెట్టుబడి మీద నెల తిరిగేసరికి పిల్లాపాపలతో లాభం చూసింది అదొక్కటే.